బఠాణీ గింజను విత్తుతామా, నాటుతామా, పెడతామా?

ప్రశ్న, బర్మింగ్‌హామ్ నుంచి:

ఇంగ్లండులో ఉన్న తెలుగువాళ్ల కోసం పెరటి కూరగాయల మీద చిన్న కరపత్రం ఒకటి తయారవుతోంది. బఠాణీ దగ్గర పని ఆగింది. ఇంగ్లీషులో ఎర్లీ పీస్, సోయింగ్ (గింజ వేయడం), ప్లాంటింగ్ ఔట్ (మొలిచిన మొక్కను బయటికి మార్చడం) అని మూడు మాటలున్నాయి. చిత్తుప్రతిలో "ముందస్తు బఠాణీలను ఫిబ్రవరి చివర్లో నాటండి. ఐదారు వారాల తర్వాత బయట నాటండి" అని ఉంది. చదివేవాళ్లకి ఒకే పని రెండుసార్లు చెప్పినట్టుంటుంది. మొదటిచోట "నారు పోయండి" అని మారిస్తే చాలా? ఎర్లీకి "ముందస్తు" సరిపోతుందా?

జవాబు, బాపట్ల నుంచి:

"నారు పోయండి" అని మాత్రం వేయకండి. పదం తప్పు, దాన్ని నమ్మి చేసే పని ఇంకా తప్పు.

తెలుగులో గింజ మట్టిలోకి వెళ్లే తీరును బట్టి క్రియ మారుతుంది. గొర్రుతోనో నాగలి వెంటో సాలులో వేస్తే విత్తడం. చేత్తో విసిరితే వెదజల్లడం. ఒక్కో గింజను వేలితోనో పుల్లతోనో గుంటలో వేసి మన్ను కప్పితే పెట్టడం. చిక్కుడు గింజ, బీర గింజ, పత్తి గింజ అన్నీ "పెడతాం". చిన్న మడిలో ఒత్తుగా చల్లి, మొలిచాక పీకి ఇంకోచోటికి తీసుకెళ్లేదైతే నారు పోయడం. ఆ పీకిన నారును మళ్లీ భూమిలో నిలబెట్టడం నాటడం. వరికి మా వైపు దాన్నే ఊడ్చడం అంటారు, ఊడ్పులు అంటే అవే.

నారు అన్నమాటలోనే పీకడం ఉంది. నారు పీకుతాం, కట్టలు కడతాం, వేళ్లకున్న మట్టి కడుగుతాం. వరి దీన్ని తట్టుకుంటుంది. దానివి పీచు వేళ్లు, మొదటి కణుపుల దగ్గర కొత్త వేళ్లు పుట్టుకొస్తాయి, కొద్దిరోజుల్లో పైరు మూన తిరుగుతుంది, అంటే వేరు పట్టి నిలదొక్కుకుంటుంది. వంగ, మిరప, టమాటా కూడా తట్టుకుంటాయి. బఠాణీది నేరుగా కిందికి దిగే తల్లివేరు. పీకితే అది తెగుతుంది. మొక్క చావకపోవచ్చు, కానీ రెండు వారాలు ఎదగకుండా నిలబడిపోతుంది. మూడు నెలల్లోపే కాపు ఇచ్చి వెళ్లిపోయే మొక్కకు ఆ రెండు వారాలు చాలా ఎక్కువ. అది జానెడు ఎత్తులోనే పూతకొచ్చి నాలుగు కాయలతో సరిపెడుతుంది. కరపత్రం చదివి ఎవరైనా ట్రేలో గుప్పెడు గింజలు ఒత్తుగా పోసి, తర్వాత పీకి నాటితే జరిగేది అదే.

కాబట్టి ఫిబ్రవరి పనికి "గింజలు పెట్టండి", బయటికి మార్చే పనికి "మొక్కలు నాటండి" అనండి. ఒక్కో పనికి ఒక్కో క్రియ.

జవాబు, కరీంనగర్ నుంచి:

పైన చెప్పిన విభజన బాగుంది కానీ వాడుక అంత శుభ్రంగా లేదండీ. "విత్తనాలు నాటే యంత్రం" అని పేపర్లలో రోజూ వస్తుంది. గింజలు నాటిండు అన్నా ఎవరూ తప్పు పట్టరు. మా దిక్కు మక్కలు పెడతరు, వరి నాటు వేస్తరు, నేరుగా చల్లితే ఎదబెట్టిన్రు అంటరు. ఎద, వెద ఒకటే మాట. విత్తడం పుస్తకాల్లో ఎక్కువ, నోట్లో తక్కువ. "విత్తనం" మాత్రం అందరి నోట్లోనూ ఉంది. కన్నడంలో విత్తడాన్ని బిత్తనె అంటారు, అక్కడ అది రోజువారీ మాట.

కాబట్టి "గింజలు నాటడం తప్పు" అని తీర్పు చెప్పొద్దు. ఒకే పేజీలో రెండు పనులున్నప్పుడు ఒకే క్రియ వాడితే చదివేవాడు తికమకపడతాడు, అది వేరే సంగతి. అందుకైతే బాపట్లవారి సలహానే సరి.

జవాబు, డర్బీ నుంచి:

ఇంగ్లండులో చేసే పద్ధతి తెలిస్తే పదం ఎంచుకోవడం తేలిక, అందుకని కొంచెం వివరంగా.

ఫిబ్రవరిలో ఇక్కడ నేల చల్లగా, తడిగా ఉంటుంది. బఠాణీ సుమారు 5 డిగ్రీల దగ్గర కూడా మొలుస్తుంది కానీ నెల దాటుతుంది. 10 డిగ్రీల్లో దాదాపు రెండు వారాలు, 20 డిగ్రీల్లో వారం. నెలరోజులు తడిమట్టిలో పడున్న గింజ కుళ్లుతుంది, లేదా చుంచులు తవ్వుకు తింటాయి. అందుకే చాటున మొలిపిస్తారు. మిగతా దేనికోసమూ కాదు.

ఎక్కువమంది వాడేది ఇంటి చూరుకి బిగించే ప్లాస్టిక్ వాననీటి గొట్టం, అర్ధచంద్రాకారంలో ఉండేది. మీటరు, మీటరున్నర ముక్క కోసి, అడుగున 10, 15 సెం.మీ.కొక చిల్లు పెట్టి, రెండు కొసలూ టేపుతో మూస్తారు. అంచుకి వేలెడు కిందివరకు మెత్తటి కంపోస్టు నింపి, రెండు వరసల్లో ఎదురుబొదురుగా కాకుండా మధ్యమధ్యన పడేలా, 5 సెం.మీ. ఎడంతో, 2.5 సెం.మీ. లోతున గింజలు పెడతారు. వేడి గది వద్దు. 10 నుంచి 15 డిగ్రీలుండే వసారా, వేడి పెట్టని గాజుగది చాలు. వెచ్చటి వంటింటి కిటికీలో పెడితే మొలకలు సన్నగా సాగి వాలిపోతాయి.

మొక్క 8 సెం.మీ. ఎత్తయ్యాక అరచేత్తో మట్టిని మెల్లగా జరిపి చూడాలి. వేళ్లు అల్లుకుని మట్టి ఒక్క పట్టీలా కదిలితే సిద్ధం. విడిపోతే ఇంకో వారం ఆగాలి. అప్పుడు వారం, పదిరోజులు పగలు బయట, రాత్రి లోపల ఉంచాలి. తర్వాత మడిలో గొట్టం ఆకారంలోనే గాడి తీసి, ముందురోజు గొట్టాన్ని బాగా తడిపి, ఒక కొస టేపు పీకి, ఆ పట్టీని గాడిలోకి జార్చడం. వేలు తగలకుండా, వేరు తెగకుండా. ఎండు కంపోస్టుతో జార్చబోతే మధ్యలో విరుగుతుంది, ఎక్కువగా చెడేది ఇక్కడే.

గొట్టం లేనివాళ్లు టాయిలెట్ రోల్ అట్టగొట్టాల్లో ఒక్కోదానిలో రెండేసి గింజలు పెట్టి, అట్టతో సహా పాతుతారు. అట్ట అంచు నేల పైకి కనబడకూడదు. కనబడితే గాలి తగిలి ఆ అంచు తడిని పైకి పీల్చేస్తుంది, లోపలి మట్టి ఎండిపోతుంది.

ఇదంతా నాటడమా? నా ఓటు "దించడం"కి. బరువును దించినట్టు, మట్టితో సహా.

జవాబు, బాపట్ల నుంచి:

దించడం వినడానికి బాగుంది. కానీ విడిగా చదివితే పొయ్యి మీంచి కూర దించినట్టుంది. "మట్టితో సహా నాటండి" అంటే సందేహం ఉండదు. బయట అలవాటు చేసే పనికి మన దగ్గర ప్రత్యేకమైన మాట లేదు, ఆ చలి లేదు కాబట్టి. "చలికి అలవాటు చేయండి" అంటే పసిపిల్లాడికీ అర్థమవుతుంది. ఇంగ్లీషు హార్డెనింగ్ ఆఫ్‌ని మక్కికి మక్కిగా "కఠినీకరణ" అని రాస్తే గిరాకీ పోతుంది.

జవాబు, మదనపల్లె నుంచి:

ఎర్లీ సంగతి ఎవరూ ముట్టుకోలేదు. అసలు చిక్కు అక్కడే ఉంది.

ముందస్తు అంటే కాలానికి ముందు చేసేది. ముందస్తు సాగు, ముందస్తు వానలు, ముందస్తు ఎన్నికలు. విత్తన ప్యాకెట్ మీద ఉండే ఎర్లీ అది కాదు. వేసినప్పటినుంచి ఎన్ని రోజులకు కోతకొస్తుందో చెప్పే మాట అది. మన వ్యవసాయ శాఖ భాషలో దానికి "స్వల్పకాలిక రకం" అని ఎప్పటినుంచో ఉంది. ఇంగ్లండులో ఫస్ట్ ఎర్లీ రకాలు సుమారు 12 వారాల్లో, ప్రధాన పంట రకాలు 14 వారాల దరిదాపుల్లో కోతకొస్తాయి. తమాషా ఏమిటంటే అక్కడ జూన్ చివర, జూలైలో ఆఖరి విడతగా వేసేదీ ఈ ఎర్లీ రకాలనే, చలి వచ్చేలోపు అవే కాపు ఇస్తాయి కాబట్టి. మీ కరపత్రంలో "ముందస్తు బఠాణీలను జూలైలో ఆలస్యంగా వేయండి" అని పడుతుంది, చూసుకోండి.

మా వైపు పెరట్లో వేసే అర్కెల్ రకం బఠాణీ కూడా స్వల్పకాలికమే. అక్టోబరు రెండోవారం నుంచి నవంబరు మధ్యదాకా గింజ పెడితే రెండు నెలలకు అటూఇటుగా మొదటి కోత వస్తుంది. దాన్ని నిజంగానే ముందస్తుగా, సెప్టెంబరులో వేస్తే ఎండు తెగులు, కాండం ఈగ పట్టుకుంటాయి, వానకి గింజ కుళ్లుతుంది. మరీ ఆలస్యం చేస్తే పూత సమయానికి ఎండ ముదిరి, 30 డిగ్రీలు దాటినప్పుడల్లా పూత రాలుతుంది, బూడిద తెగులు కూడా అప్పుడే. మనకు ట్రే, గొట్టం ఏమీ అక్కర్లేదు. వరసల మధ్య 30 సెం.మీ., గింజల మధ్య 7, 8 సెం.మీ., లోతు 3 సెం.మీ. చదరపు మీటరుకు 40 నుంచి 45 గింజలు పడతాయి. రాత్రి నానబెట్టి పొద్దున పెట్టాలి. రోజంతా నీళ్లలో వదిలేస్తే గాలందక గింజ పాడవుతుంది.

జవాబు, కరీంనగర్ నుంచి:

ఎర్లీకి "తొలికాపు" అనో "పునాస" అనో అనొచ్చుగా? స్వల్పకాలిక అంటే ఆఫీసు వాసన.

జవాబు, మదనపల్లె నుంచి:

తొలికాపు అంటే చెట్టు మొదటిసారి కాసిన కాపు. పునాస తొలకరి వానలతో ముడిపడిన మాట, చలిదేశపు బఠాణీకి అంటదు. ఆఫీసు వాసన వద్దనుకుంటే "త్వరగా కాసే రకాలు" అనండి.

జవాబు, డర్బీ నుంచి:

ఆ మాటతో పాటు గింజ రకం కూడా చెప్పాలి. ఫెల్తమ్ ఫస్ట్, మీటియర్, డూస్ ప్రొవాన్స్ అనే త్వరగా కాసే రకాలవి గుండ్రటి గింజలు. కెల్వెడన్ వండర్ కూడా త్వరగా కాసేదే కానీ దాని గింజ ముడతలది. ఇంటర్ వృక్షశాస్త్రంలో మెండెల్ పాఠం చదివినవాళ్లకి గుండ్రని, ముడతలు పడిన గింజలు గుర్తుండే ఉంటాయి. ఇక్కడ అది పరీక్ష ప్రశ్న కాదు. గుండ్రటిదానిలో పిండి ఎక్కువ, చల్లటి తడినేలను ఓర్చుకుంటుంది. ముడతలదానిలో చక్కెర ఎక్కువ, పచ్చిగా ఉన్నప్పుడు నీరూ ఎక్కువ, ఎండేటప్పుడు అందుకే ముడుచుకుంటుంది. రుచి దానిదే, చల్లటి మట్టిలో కుళ్లడమూ దానిదే. కాబట్టి ఫిబ్రవరికి గుండ్రటివి, ముడతలవాటిని నేరుగా మడిలో పెట్టాలంటే నేల 10 డిగ్రీలకు వచ్చాక.

త్వరగా కాసే రకాన్ని పెందరాళే వేస్తే ఇంకో లాభం. ఇక్కడి బఠాణీ పురుగు తల్లిచిలక జూన్ నుంచి ఆగస్టు దాకా ఎగురుతూ పూత మీద గుడ్లు పెడుతుంది. మే నెలలో పూసి ముగించిన వరసకి దాని బెడద ఉండదు.

ప్రశ్న, బర్మింగ్‌హామ్ నుంచి:

చాలా ఉపయోగపడింది. బఠాణీకి బదులు సంస్కృతం మాట ఏదైనా వేయమని ఒకరు అడుగుతున్నారు. ఊతపుల్లలకి, వాటిని పట్టుకునే తీగలకి ఏమనాలి? మొలవనిచోట మళ్లీ గింజ పెట్టడానికి?

జవాబు, బాపట్ల నుంచి:

అమరకోశంలో కలాయం, సతీనకం, హరేణువు ఉన్నాయి. కరపత్రంలో వేస్తే ఏదో ఆయుర్వేద మందనుకుంటారు. బఠాణీయే ఉంచండి. మరాఠీ వాటాణా, తమిళ పట్టాణి, కన్నడ బటాణి పక్కన మన మాట హాయిగా కూర్చుంటుంది.

పట్టుకునే సన్నతీగలు నులితీగలు. ఊతకి కంప అనండి. వెదురుబద్ద అనొద్దు, నులితీగ లావు బద్దను చుట్టలేదు, దానికి పెన్సిల్ కన్నా సన్నటి పుల్లలు కావాలి. మొక్కలు నాటిన రోజే కంప గుచ్చాలి, పడిపోయాక లేపితే కాండం విరుగుతుంది. మొలవని చోట్లని పోగుంటలు అంటారు. పత్తి రైతులందరికీ తెలిసిన మాట, "పోగుంటలు నింపండి".

ప్రశ్న, బర్మింగ్‌హామ్ నుంచి:

సవరించిన భాగం:

"త్వరగా కాసే గుండ్రటి గింజల రకాన్ని ఎంచుకోండి. ఫిబ్రవరి చివర్లో గొట్టంలో 5 సెం.మీ. ఎడంతో గింజలు పెట్టండి. మొక్క 8 సెం.మీ. పెరిగాక వారం, పదిరోజులు చలికి అలవాటు చేయండి. మడిలో 5 సెం.మీ. లోతు చాలు తీసి, మట్టితో సహా నాటండి. అదేరోజు కంప గుచ్చండి. అడవి పావురాలు చిగుళ్లు తుంచకుండా వల కప్పండి. పోగుంటలుంటే గింజలు పెట్టి నింపండి."

జవాబు, కరీంనగర్ నుంచి:

అంతా బాగుంది. ఒక్క "లోతు చాలు తీసి" దగ్గర ఆగాల్సొచ్చింది. 5 సెం.మీ. లోతు సరిపోతుందనా, 5 సెం.మీ. లోతున్న సాలనా? "గాడి" చేయండి.