కట్టు కాదురా, కట్ట… ఏమిటది?

పెరంబూరు కుర్రాడు: నిన్న చెన్నైలోనే ఒక చెస్ రేటింగ్ టోర్నీ. ఎదుటాయనకి రాజూ మంత్రీ మిగిలాయి, నాకు మూల గడి హెచ్8లో ఒంటరి రాజు. ఆయన గడియారంలో పది సెకన్లు. ఆ టెన్షన్‌లో మంత్రిని జీ6లో పెట్టి ‘ఆట కట్టు’ అంటూ చెయ్యి చాచాడు. చూస్తే నాకు చెక్ లేదు, కదలడానికి గడీ లేదు! స్టేల్‌మేట్ అన్నమాట, ఆట డ్రా, చెరో అరపాయింటు. ఇలాంటప్పుడు మా తాతయ్య ‘కట్టు కాదురా, కట్టడి’ అనేవాడు. ‘కట్టుబడి’ అనేవాడా? రాత్రంతా ఇదే గొడవ. ఎవరైనా విన్నారా?

మేష్టారు: కట్టుబడే. కట్టు, పడు కలిస్తే పకారం బకారమైంది. మాటకు కట్టుబడ్డట్టే రాజూ కట్టుబడ్డాడు.

వేళచ్చేరి: మా ఊళ్ళో కట్టుబడంటే రాతి గోడ మేష్టారూ! నా ఓటు ‘కట్టడి’కే. కరోనా రోజుల్లో పేపర్లన్నీ ‘కట్టడి ప్రాంతం’ అని రాయలేదూ?

మేష్టారు: కట్టడి అంటే నియమం, శాసనం. పేపరు నిఘంటువు కాదమ్మా.

వేళచ్చేరి: నన్నడిగితే ‘ఆట కట్టు’ అనాల్సింది దీన్నే. పాము నోరు కట్టడమంటే చంపడం కాదుగా, మెదలకుండా చెయ్యడం. అవతల చెక్‌మేట్‌కి మూలమైన పారసీ ‘షా మాత్’లో రాజు పని అయిపోయినట్టే.

కోడంబాకం: ఒక్క నిమిషం. ఒంటి మంత్రితో అన్ని గళ్ళూ ఎలా మూశాడండీ?

పెరంబూరు కుర్రాడు: మంత్రంటే క్వీనండీ.

కోడంబాకం: ఓహో. మా తమిళ పక్కింటాయన బిషప్‌ని మంత్రంటాడు, మన శకటు. నలభై ఏళ్ళుగా ఆయనతో ఆడి నా తెలుగు చెడింది. ఇదంతా ఆరుద్ర గారు ఎప్పుడో తేల్చి ఉంటారు, ఈ మద్రాసులోనే ఉండి చదరంగం మీద తెలుగులో పుస్తకం రాశారుగా.

మేష్టారు: ఆరుద్ర అనగానే నాకు కూనలమ్మ పదాలే. మూడు చిన్న పాదాలకి అంత్యప్రాస బిగించి, నాలుగోది ‘ఓ కూనలమ్మా’ అని వదిలేస్తారు. మూడెత్తుల్లో ఆట ముగించడమంటే అదీ!

వేళచ్చేరి: ‘కట్టడి’కి ప్రాస ‘పట్టడి’. ‘కట్టుబడి’కి ‘పెట్టుబడి’. ఆయనైతే రెండోదే తీసుకునేవారేమో. నా ఓటు మాత్రం మారదు.

పెరంబూరు కుర్రాడు: ఇంతకీ డి-యా, బడి-యా?

మేష్టారు: ఇంట్లో పెద్దవాళ్ళని అడుగు నాయనా.

పెరంబూరు కుర్రాడు: అమ్మకి ఫోన్ చేశాను. మాట గుర్తులేదట. ఓడిపోయేలా ఉంటే తాతయ్య బల్ల ఎత్తేసేవాడట.

వేళచ్చేరి: అదీ ఒక ఎత్తే!

మేష్టారు: ‘ఎత్తు’ మీద వేరే పోస్టు పెట్టండి. దాని గురించి నాకు చాలా ఉంది.