పిల్లల ముక్కులో రోజూ స్టెరాయిడ్ స్ప్రే కొట్టొచ్చా?

గుంటూరు నాన్న:
మా బాబుకి ఎనిమిదేళ్లు. పొద్దున లేచీ లేవగానే తుమ్ములు, ముక్కు కారడం, రాత్రి నోరు తెరుచుకుని గురక. అరచేత్తో ముక్కు కొనని పైకి రుద్దీ రుద్దీ, ముక్కు మీద అడ్డంగా చిన్న గీత కూడా పడింది. ఈఎన్‌టీ డాక్టర్ గారు అలర్జీ అని చెప్పి మొమెటాసోన్ స్ప్రే రాశారు. ఒక్కో ముక్కులో రోజుకి ఒక పఫ్, రెండు నెలలు. అది స్టెరాయిడ్ అని తెలిశాక మా అమ్మ ఒప్పుకోవడం లేదు, నాకూ టెన్షన్‌గానే ఉంది. సీసా ఇంకా మూత తీయలేదు. వాడినవాళ్లు చెప్పండి.

ఖమ్మం అక్క:
వద్దు తమ్ముడూ. మా అమ్మాయికి వాడాం. వాడినన్నాళ్లు బాగానే ఉంది, మానేసిన నెలకే మళ్లీ మామూలే. పైగా రెండుసార్లు ముక్కులోంచి రక్తం వచ్చింది, పిల్ల హడలిపోయింది. పిల్లలకి ఎత్తు తగ్గుతుందని కూడా విన్నాను. ఇప్పుడు ఉప్పునీళ్లతో ముక్కు కడుగుతున్నాం, దిండు గలీబులు, దుప్పట్లు వారం వారం వేడినీళ్లలో ఉతుకుతున్నాం. తుమ్ములు మరీ ఎక్కువైన రోజు ఒక మాత్ర. అంతే.

మందుల షాపు, విజయవాడ:
అక్కా, ఉప్పునీళ్లు, దుప్పట్లు ఉతకడం రెండూ మంచివే, వాటితో పేచీ లేదు. వారం నాలుగు రోజులు ఆ మాత్ర వేయాల్సి వస్తుంటే మాత్రం మీ పద్ధతి సరిపోవడం లేదని అర్థం.

దుమ్ములో ఉండే పురుగుల రెట్టో, వయ్యారిభామ పుప్పొడో ముక్కులోకి వెళ్లగానే అక్కడి మాస్ట్ కణాలు హిస్టమిన్ అనే రసాయనాన్ని వదులుతాయి. నిమిషాల్లో తుమ్ములు, దురద, నీళ్లు. సెట్రిజిన్ లాంటి మాత్ర ఆపేది దీన్నే. కొన్ని గంటల తర్వాత రెండో దెబ్బ తగులుతుంది. ఇసినోఫిల్స్ అనే కణాలు వచ్చి చేరి లోపలి పొర వాచిపోతుంది. ముక్కు దిబ్బడ, నోటితో గాలి పీల్చడం, గురక ఎక్కువగా ఈ వాపు వల్లే. దాని మీద మాత్ర పెద్దగా పని చేయదు, స్ప్రే చేస్తుంది. గుంటూరు అన్న చెప్పిన బాబుకి ఉన్నది ఈ వాపే అనిపిస్తోంది.

ఇక డోసు. రోజుకి రెండు పఫ్‌లంటే 100 మైక్రోగ్రాములు, అంటే 0.1 మిల్లీగ్రాము. దగ్గు, ఆయాసం ఎక్కువైనప్పుడు పిల్లలకి ఇచ్చే ప్రెడ్నిసొలోన్ అనే మింగే స్టెరాయిడ్ కిలో బరువుకి 1 నుంచి 2 మిల్లీగ్రాములు. మొమెటాసోన్ దానికంటే బలమైన మందు కాబట్టి అంకెలు పక్కపక్కన పెట్టి చూడటం పూర్తిగా సరికాదు. ముఖ్యమైన విషయం ఇంకొకటి: స్ప్రే కొట్టిన మొమెటాసోన్‌లో రక్తంలోకి చేరేది 1 శాతం కంటే తక్కువ. గొంతులోకి జారి మింగేసిన భాగాన్ని కాలేయం విరిచేస్తుంది.

నాకు బాధ కలిగించేది వేరే. ఈ స్ప్రే అంటే భయపడి వెనక్కి ఇచ్చేవాళ్లే, ముక్కు తెరిపించే జైలోమెటాజోలిన్ చుక్కలు నెలల తరబడి కొనుక్కెళ్తారు. అవి నాలుగైదు రోజులు దాటితే ముక్కు ఇంకా మూసుకుపోతుంది, చుక్క లేనిదే నిద్ర పట్టదు. అలవాటు చేసే మందు ఏదైనా ఉంటే అది ఇదే, స్టెరాయిడ్ స్ప్రే కాదు. మాంటెలూకాస్ట్ అనే అలర్జీ మందు కలిసిన మాత్రలూ అంతే, మిఠాయిల్లా అడుగుతారు. దాని వల్ల పిల్లల్లో పీడకలలు, మనసు బాగోకపోవడం రావచ్చని 2020లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ తన హెచ్చరికల్లో అన్నింటికంటే గట్టిదాన్ని పెట్టించింది. ముక్కు అలర్జీకి మిగతావి పని చేయనప్పుడే వాడమంది.

డల్లాస్ నుంచి:
ఇక్కడ ఈ రకం స్ప్రేలు చీటీ లేకుండానే దొరుకుతాయి. ట్రయామ్సినోలోన్‌కి 2013లో, ఫ్లూటికాసోన్‌కి 2014లో అనుమతి ఇచ్చారు. అలాగని పిల్లలకి ఎడాపెడా కొట్టమని కాదు. మా ఇంట్లో ఉన్న ఫ్లూటికాసోన్ డబ్బా మీదే ఉంది: కొందరు పిల్లల్లో ఎదుగుదల వేగం తగ్గొచ్చు, 4 నుంచి 11 ఏళ్ల వాళ్లకి ఏడాదిలో రెండు నెలలు దాటితే డాక్టర్‌ని అడగాలి అని.

ఖమ్మం అక్క:
చూశారా! డబ్బా మీదే రాశాక ఇంక వాదన ఏముంది?

మందుల షాపు, విజయవాడ:
ఉంది అక్కా. అన్ని స్ప్రేలూ ఒకటి కావు. పాత మందు బెక్లోమెథాసోన్‌ని 6 నుంచి 9 ఏళ్ల పిల్లలకి రోజుకి రెండుసార్లు చొప్పున ఏడాది ఇచ్చి చూస్తే, వాళ్లు 5 సెంటీమీటర్లు ఎదిగారు, మందు లేనివాళ్లు 5.9 ఎదిగారు. ఆ ఫలితం 2000లో వచ్చింది. అదే సంవత్సరం మొమెటాసోన్ 100 మైక్రోగ్రాములతో ఏడాది చూసిన ఫలితమూ వచ్చింది, అందులో ఎదుగుదల తగ్గలేదు. ఫ్లూటికాసోన్ ఫ్యూరోయేట్‌తో ఏడాదికి పావు సెంటీమీటరు పైచిలుకు తేడా. కాబట్టి మీ భయం ఉత్తిది కాదు. దానికి మందు మానేయక్కర్లేదు. తక్కువ డోసు, మూడు నెలలకోసారి ఎత్తు కొలిచి రాసుకోవడం చాలు.

రక్తం సంగతికొస్తే, చాలామంది పిల్లలకి నాజిల్‌ని నిటారుగా, మధ్య గోడ వైపు తిప్పి కొడతారు. మందు రోజూ ఒకే చోట పడి ఆ పొర పుండవుతుంది. కుడి ముక్కులో ఎడమ చేత్తో, ఎడమ ముక్కులో కుడి చేత్తో కొట్టండి. నాజిల్ కొన కంటి బయటి మూల వైపు ఉండాలి. తల కొంచెం వంచాలి, గట్టిగా ఎగపీల్చకూడదు. గొంతులో చేదు తగిలిందంటే మందు ముక్కులో నిలవలేదన్నట్టే. కొత్త సీసా అయితే ముందు గాల్లోకి సన్నని తుంపర వచ్చేదాకా నొక్కాలి.

ఖమ్మం అక్క:
నేను నిటారుగానే కొట్టాను, అలా కొట్టకూడదని ఎవరూ చెప్పలేదు. సరే, అది ఒప్పుకుంటాను. గురక మాట మాత్రం వదలను. ఎనిమిదేళ్ల పిల్లాడికి ముక్కు వెనక ఉండే కండ, అదే ఎడినాయిడ్స్, కూడా పెరిగి ఉండొచ్చు కదా, అది చూడకుండా రెండు నెలలు స్ప్రే ఏమిటి?

మందుల షాపు, విజయవాడ:
చూడాల్సిందే. నిద్రలో ఊపిరి ఆగి ఆగి వస్తుంటే మాత్రం రెండు నెలలు ఆగొద్దు, వెంటనే చూపించండి.

గుంటూరు నాన్న:
ఊపిరి ఆగడం ఎప్పుడూ చూడలేదు. ఎడినాయిడ్స్ ఎక్స్‌రే తీశారు, కొంచెం ఉన్నాయన్నారు. ఇంకొకటి అడగాలి. చలికాలంలో పిల్లికూతలు వస్తే వీడికి బుడెసోనైడ్ నెబ్యులైజర్ పెడతాం. అది రాసింది పిల్లల డాక్టర్ గారు, స్ప్రే రాసింది ఈఎన్‌టీ గారు. రెండూ కలిపి ఇవ్వొచ్చా?

మందుల షాపు, విజయవాడ:
ఇవ్వొచ్చు, చాలామంది పిల్లలకి ఇస్తారు. ముక్కు వాపు అదుపులో ఉంటే పిల్లికూతలూ తగ్గుతాయి కొందరికి. బుడెసోనైడ్ కూడా స్టెరాయిడే కాబట్టి రెండింటి మొత్తం లెక్క ఒకరి దగ్గర ఉండాలి. స్ప్రే సీసా, నెబ్యులైజర్ మందు డబ్బా రెండూ పట్టుకెళ్లి పిల్లల డాక్టర్ గారికి చూపించండి. ఎత్తు కూడా ఆ రోజే కొలిపించి చీటీ మీద రాయించుకోండి. స్ప్రే ఇవాళే మొదలుపెట్టినా ఇబ్బంది లేదు. రెండు రోజుల్లో ఏమీ తెలియలేదని ఆపొద్దు, పూర్తి గుణం కనిపించడానికి రెండు వారాలు పడుతుంది.