టపాసులకు వణికిపోయే కుక్క: మీ ఇళ్లలో ఏం చేస్తున్నారు?

పటమట_శ్రీను:
మా చిట్టికి ఐదేళ్లు, వీధిలో దొరికిన దేశీ కుక్క. మామూలు రోజుల్లో గేటు దగ్గర కొరియర్ అబ్బాయిని హడలెత్తిస్తుంది. ఎక్కడో ఒక్క టపాసు పేలిందా, బాత్రూంలో బకెట్ వెనక దూరుతుంది. మొన్న నిమజ్జనం రోజు డీజే బండి మా ఇంటి ముందే అరగంట ఆగింది. తలుపు గీకి గీకి గోళ్ల దగ్గర రక్తం వచ్చింది దానికి. దీపావళి ఇంకా ఐదు వారాలుంది. ఇప్పటి నుంచే ఏమైనా చేయొచ్చా? ఊరు దాటి పోదామంటే మా అమ్మకు ఒంట్లో బాగోదు, కుదరదు.

బ్రాడీపేట_రాధ:
ఐదు వారాలంటే మంచి టైమే అండీ. మా బ్రూనోకి ఫోన్లో టపాసుల రికార్డింగ్ పెట్టి అలవాటు చేశాం. ఫోన్ పక్క గదిలో ఉండాలి, శబ్దం వినీ వినపడనంత చిన్నగా రావాలి. కుక్క చెవి రిక్కించాలి, అంతే. లేచి తిరిగిందంటే ఎక్కువైనట్టు. శబ్దం రాగానే ఉడికించిన చికెన్ ముక్క పెట్టండి. ముందు శబ్దం, తర్వాత ముక్క, ఈ వరుస తప్పొద్దు. రోజుకు ఐదు నిమిషాలు చాలు.

నేను తొందరపడి రెండో రోజే వాల్యూమ్ సగానికి పెంచా. ఆ తర్వాత రెండు రోజులు ఫోన్ చేతిలోకి తీసుకుంటేనే మంచం కిందకి పోయాడు. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది. చికెన్ కూడా ముట్టడం లేదంటే అప్పటికే భయం తలకెక్కిందని లెక్క. వెంటనే ఆపేయండి. ఇంకోటి, అసలు టపాసుకు నేల అదురుతుంది, వెలుగు, వాసన ఉంటాయి. అవి ఫోన్లో రావుగా. అందుకని దీని మీదే భారం వేయకండి.

కృష్ణలంక_బాబాయ్:
ముఖ్యమైనది, దగ్గరికి తీయొద్దు. గారం చేస్తే భయం ఇంకా ముదురుతుంది. మా టామీని నేను అసలు పట్టించుకునేవాణ్ణి కాదు.

బ్రాడీపేట_రాధ:
బాబాయ్ గారూ, ఏమీ అనుకోకండి, అది పాత మాట. కూర్చున్నందుకు బిస్కెట్ ఇస్తే మళ్లీ కూర్చుంటుంది, నిజమే. కానీ నిమిరితే బాగుందని మళ్లీ వణుకుదామనుకునే కుక్క ఉంటుందా? దానంతట అది ఒళ్లోకి వస్తే ఉండనివ్వాలి. చెడగొట్టేది ఏంటంటే, "చూడు, ఏమీ లేదు" అని బయటికి లాక్కెళ్లడం.

కృష్ణలంక_బాబాయ్:
అదీ చేశానమ్మా. ఇప్పుడు తలుచుకుంటే బాధగా ఉంది.

సత్యనారాయణపురం_లక్ష్మి:
మా ఇంట్లో కూలరే దిక్కు. లోపలి గదిలో కిటికీలు మూసి, దుప్పటి కట్టి, కూలర్ ఫుల్లుగా పెడతాం. ఆ హోరులో చిన్న చిన్నవి తెలియవు. బాంబులకు మాత్రం పనిచేయదు. వాకింగ్ మూడున్నరకల్లా అయిపోవాలి. రాత్రి 8 నుంచి 10 వరకే కాల్చాలని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది కానీ, మా సందులో నాలుగింటికే మొదలు. మెడపట్టీ వదులుగా ఉందేమో చూసుకోండి, దాని మీద ఫోన్ నంబర్ రాయించండి. బెదిరిన కుక్క ప్రహరీ కూడా దూకేస్తుంది. మాది మూడో రోజు దొరికింది.

అరండల్‌పేట_కాంపౌండర్:
చిట్టి రక్తం వచ్చేలా గీకుతోందంటే అలవాటు చేయడం ఒక్కటే చాలకపోవచ్చు, డాక్టర్‌కి చూపించండి. ట్రాజోడోన్, గాబాపెంటిన్ లాంటి భయం తగ్గించే మందులు బరువు చూసి రాస్తారు. పండగ రోజే మొదటిసారి వేయకూడదు, ముందు ఒక మామూలు రోజు వేసి చూడాలి. పండగనాడు టపాసులు మొదలవకముందే పడాలి. మనుషులు వాడే గాబాపెంటిన్ సిరప్ మాత్రం వద్దు. కొన్నిట్లో తీపి కోసం జైలిటాల్ కలుపుతారు, అది కుక్కలకు విషం.

ఎవరైనా అసిప్రోమజిన్ అనే మత్తు మందు ఒక్కటే ఇచ్చి పంపిస్తే మళ్లీ అడగండి. దాంతో కుక్క మత్తుగా పడి ఉంటుంది, మనకు ప్రశాంతంగా కనిపిస్తుంది. లోపల భయం అలాగే ఉంటుంది, కదల్లేదు, అంతే తేడా.

కృష్ణలంక_బాబాయ్:
మా టామీకి ఎనిమిదేళ్ల దాకా ఏ భయమూ లేదు, తర్వాతే మొదలైంది. అదెందుకు?

అరండల్‌పేట_కాంపౌండర్:
పెద్ద వయసులో కొత్తగా వస్తే కీళ్ల నొప్పులేమో చూపించాలి బాబాయ్. ఉలిక్కిపడి ఒళ్లు బిగుసుకున్నప్పుడల్లా నొప్పి పుడుతుంది. దాంతో శబ్దం వింటేనే బెదురుతాయి.

పటమట_శ్రీను:
దీపావళి అయిపోయింది, చెబుదామని వచ్చా. రికార్డింగ్ నాలుగు వారాలు చేశాం. డాక్టర్ రాసిన మాత్ర ఆరింటికి వేశాం. బకెట్ తీసేసి బాత్రూంలోనే దాని పరుపు వేశా, ఎలాగూ అక్కడికే పోతుందని. లక్ష్మి గారి మాట విని కూలర్ కూడా తలుపు దగ్గర పెట్టాం. వణికింది, కానీ గీకలేదు. తొమ్మిదిన్నరప్పుడు పక్కింటివాళ్లు పదివేల వాలా అంటించారు, అప్పుడు మాత్రం నా లుంగీలో తల దూర్చి కదలకుండా కూర్చుంది. అది ఆగాక పది నిమిషాలకు చికెన్ వాసన చూసి, ఒక్క ముక్క తీసుకుంది. నమలకుండా నోట్లోనే పెట్టుకుని నా వంక చూస్తూ కూర్చుంది చాలాసేపు.

కార్తీక పౌర్ణమికి మళ్లీ కాలుస్తారుగా, రికార్డింగ్ ఆపకుండా చేయమంటారా?

బ్రాడీపేట_రాధ:
ఒక వారం వదిలేయండి, తేరుకోనివ్వండి. తర్వాత మళ్లీ అతి చిన్న శబ్దం నుంచి.