అప్‌డేట్: సైకిల్ తొక్కితే ఆయాసం, గుండెదడ – కారణం దొరికింది

మియాపూర్ నుంచి కొండాపూర్ ఆఫీసుకి సైకిల్ మీద వెళ్తుంటే, చివర్లో ఎత్తు ఎక్కేసరికి గుండెదడ వస్తోందని, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పనితీరు చూసే రక్తపరీక్ష) 0.08 అని, అంటే బాగా తక్కువని రిపోర్టు వచ్చిందని, థైరాయిడ్ మరీ ఎక్కువగా పనిచేస్తోందేమోనని జులైలో ఇక్కడ అడిగింది నేనే. సమాధానం ఇచ్చినవాళ్లందరికీ థాంక్స్.

పనికొచ్చింది మాత్రం ఒకే ఒక్క లైను: "జుట్టు మాత్రలేమైనా వేసుకుంటున్నారా?"

వేసుకుంటున్నాను. రోజూ 10,000 మైక్రోగ్రాముల బయోటిన్ (జుట్టు కోసం వాడే ఒక విటమిన్). డబ్బా చూపించగానే డాక్టరుగారు రిపోర్టు పక్కన పెట్టేశారు. చాలా ల్యాబ్ మెషిన్లలో థైరాయిడ్ కొలిచే పద్ధతిలోనే బయోటిన్ వాడతారట. రక్తంలో అది ఎక్కువుంటే టీఎస్‌హెచ్ తక్కువగా, టీ4 (థైరాయిడ్ హార్మోన్) ఎక్కువగా చూపిస్తుంది. వారం మానేసి మళ్లీ చేయిస్తే టీఎస్‌హెచ్ 2.1 వచ్చింది, అంటే మామూలే. నా థైరాయిడ్‌కి ఏ జబ్బూ లేదు! నెలరోజులు ఊరికే టెన్షన్ పడ్డాను.

అసలు సమస్య ఐరన్ లోపం. ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే పరీక్ష) 7, హిమోగ్లోబిన్ 9.8, రెండూ తక్కువే. రోజు విడిచి రోజు మాత్ర ఇచ్చారు. టీతో కలిపి వేసుకుంటే ఐరన్ ఒంటికి సరిగా పట్టదని, పొద్దుటి టీ మాత్ర వేసుకున్న గంటన్నర తర్వాతే తాగమన్నారు. మొత్తం వైద్యంలో నాకు కష్టమనిపించింది అదే. పది వారాలకు హిమోగ్లోబిన్ 11.9కి వచ్చింది. మాత్రలు ఇంకా వాడుతున్నాను.

మీలో కొందరు చెప్పిన సీటు ఎత్తు, ఎలక్ట్రోలైట్ పొడి, వీటికీ దీనికీ సంబంధం లేదు. మెగ్నీషియం డబ్బా సీలు కూడా తీయలేదు. బయోటిన్ వాడేవాళ్లు రక్తపరీక్షకు ముందే ఆ మాట డాక్టరుకి చెప్పండి.

నిన్న ఆ ఎత్తు సైకిల్ దిగకుండా ఎక్కేశాను, వెనకాల ఆర్టీసీ బస్సు హారన్ మోగిస్తూనే ఉన్నా.