స్టేషన్ దగ్గర పడుకునేవాళ్లకి మా విచారణ (చర్చి పారిష్) తరఫున అన్నం పొట్లాలు కాక ఇంకేం చేయొచ్చు?

విజీనగరం_యువత:
అందరికీ నమస్కారం. మాది విజయనగరం, ఆర్‌సీఎం (రోమన్ క్యాథలిక్) గుడి. మా యువత, మరియదళం (మరియమాత పేరున ఉన్న భక్త సంఘం) అమ్మలు కలిసి ఆదివారం సాయంత్రం పులిహోర పొట్లాలు కట్టి రైల్వే స్టేషన్ బయట, ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర పంచుతున్నాం. ఆదివారం మేమే కాదు, పుట్టినరోజులవాళ్లూ పెళ్లిరోజులవాళ్లూ కూడా అక్కడికే తెస్తారు, పొట్లాలు మిగిలిపోయి కుక్కలకి పోతాయి, మంగళవారం వెళ్తే పంచేవాళ్లు ఒక్కరూ ఉండరు.

మొన్న ఒక ముసలమ్మకి పొట్లం ఇవ్వబోతే, "కూడొద్దు బాబూ, ఈ మూట కాసేపు సూస్తావా, నీళ్లోసుకొచ్చేస్తాను" అంది. వదిలేసి వెళ్తే మూట ఉండదట, అందుకే స్నానమే మానేసిందట. అందులో ఒక దుప్పటి, ప్లాస్టిక్ కవర్లో చుట్టిన రేషన్ కార్డు జిరాక్సు, ఎప్పటిదో మందుల చీటీ, అంతే. మాలో ఒకమ్మాయి కాపలా కూర్చుంది. ఆవిడ స్నానం చేసి వచ్చి జుట్టు ఆరబెట్టుకుంటూ మాతో చాలాసేపు మాట్లాడింది, కొడుకు చెన్నైలో బిల్డింగ్ పనికి వెళ్లాడట, కోడలితో పడక వచ్చేసిందట.

అప్పటినుంచి పంచేసి ఫోటో దిగి వచ్చేయడం మనసుకి సరిపోవట్లేదు. షెడ్డు అద్దెకు తీసుకుని మనమే షెల్టర్ పెడదామని కొందరు, డబ్బులెక్కడివని కొందరు. ఫాదర్ గారేమో మీరే ఆలోచించుకుని రండి అన్నారు. మీ ఊళ్లలో ఎలా చేస్తున్నారో చెప్పండి.

పలాస_విన్సెంట్_సభ:
తమ్ముడూ, ముందు ఆ ఫోటోలు ఆపేయండి. రోడ్డు మీద పడుకున్న మనిషికి కూడా ఊళ్లో చుట్టాలుంటారు, వాళ్ల ఫోన్లలో ఆ ఫోటో కనబడితే ఆ మనిషి ఇక ఇంటి ముఖం చూడలేడు.

నేను పునీత విన్సెంట్ ది పాల్ సభలో ఉన్నాను. 1833లో పారిస్‌లో ఈ సభ పెట్టిన ఫ్రెడరిక్ ఓజనామ్‌కి అప్పటికి ఇరవయ్యేళ్లు, మీ యువతలో కుర్రాళ్లలాగే విద్యార్థి. పేదవాళ్ల దగ్గరికి ఎలా వెళ్లాలో, ఎలా మాట్లాడాలో అక్కడ పేదల మధ్య పనిచేసే సన్యాసిని సిస్టర్ రోసలీ రెండూ నేర్పింది. ఇప్పటికీ మా పద్ధతి అదే: ఇద్దరిద్దరుగా వెళ్లడం, ఈవారం ఒకరింటికీ పైవారం ఇంకొకరింటికీ కాకుండా వెళ్లినవాళ్ల దగ్గరికే మళ్లీ మళ్లీ వెళ్లడం. మీరూ అలాగే చేయండి. యాభైమందికి పొట్లాలు మానేసి ఐదారుగురిని పట్టుకోండి. పేరు, ఊరు, ఏం జబ్బు, ఎవరున్నారు, ఏ కార్డు పోయింది, ఇవన్నీ తెలియడానికే నెలలు పడుతుంది. తెలిశాక ఒకరికి పింఛను కాగితం కావాలి, ఇంకొకరికి కొడుకు ఫోన్ నంబరు కావాలి, అందరికీ కావాల్సింది పులిహోర కాదు.

ఇంకోమాట. రోడ్డు మీదకొచ్చాక చేసేదానికంటే రాకముందు చేసేదే తేలిక. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మా ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి, కూలి పోయింది, పనికొచ్చే వయసువాళ్లు వలసపోయారు, ముసలివాళ్లు మిగిలారు. అలాంటి ఇంటికి నాలుగు రేకులు వేయిస్తే ఆ ముసలాయన స్టేషన్ దాకా రాడు. మీ విచారణలో అలాంటి ఇళ్లు ఏవో ఉపదేశి గారిని (ఊళ్లలో మతబోధ చేసే ఆయన్ని) అడగండి, ఆయనకి తెలుస్తుంది.

గంటస్తంభం_సెంటర్:
నేను హిందువుని, మీ గుడికి దగ్గర్లోనే ఉంటాను. ఒకటి అడుగుతాను, ఏమనుకోకండి. అన్నం పెట్టేముందు ప్రార్థన చేయించడం, పుస్తకాలు ఇవ్వడం ఉందా? ఉంటే నేను రాను. లేకపోతే నేనూ మా ఫ్రెండ్సూ వస్తాం.

షెల్టర్ సొంతంగా పెట్టకండి. 2013లో వచ్చిన జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్ మార్గదర్శకాల్లో ప్రతి లక్ష జనాభాకి కనీసం వందమంది ఉండేలా శాశ్వత షెల్టర్ ఉండాలని, మనిషికి 50 చదరపు అడుగుల చోటు ఉండాలని రాశారు. మన ఊరి జనాభా 2011 లెక్కల్లోనే రెండు లక్షలు దాటింది. కార్పొరేషన్లో మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) వాళ్లని కలిసి, షెల్టర్‌లో ఎంతమందికి చోటుంది, ఆడవాళ్లకి విడిగా గది ఉందా, ఆధార్ లేకపోతే చేర్చుకుంటారా అని రాతపూర్వకంగా అడగండి. మనం బయట కట్టే అద్దె డబ్బుతో అక్కడే దుప్పట్లు, మందులు ఇవ్వొచ్చు.

సిక్కోలు_నర్సు:
పైన అన్నయ్యగారు చెప్పినవి అన్నీ నిజం. నేను ఆసుపత్రి వైపు నుంచి చెప్తాను. వీళ్లలో చాలామందికి షుగరు ఉంటుంది, చెప్పుల్లేక కాలికి పుండు పడుతుంది, తీసుకొచ్చి చేరిస్తే మొదటి ప్రశ్న "అటెండెంట్ ఎవరు?" స్కానింగుకి తీసుకెళ్లడానికి, చీటీ పట్టుకుని మందులు తేవడానికి, బాత్రూముకి పట్టుకెళ్లడానికి మనిషి లేక సగం వైద్యంలోనే బయటికి వెళ్లిపోతారు. మీ విచారణలో రోజుకి ఇద్దరు వంతులేసుకుని పక్కన కూర్చుంటే చాలు, దానికి పైసా ఖర్చు లేదు. నా ఉద్దేశంలో మీరు చేయగల అతిపెద్ద సాయం ఇదే.

మతిస్థిమితం లేనివాళ్లు కనబడితే తరిమేయనివ్వకండి, బలవంతంగా ఏ హోమ్‌కీ ఎక్కించకండి. 2017 మానసిక ఆరోగ్య చట్టం సెక్షన్ 100 ప్రకారం తమను తాము చూసుకోలేని స్థితిలో తిరుగుతున్నవాళ్లని పోలీసులే రక్షణలోకి తీసుకుని 24 గంటల్లోపు ప్రభుత్వ వైద్య కేంద్రానికి చేర్చాలి, లాకప్‌లో పెట్టకూడదు, ఇల్లు లేనివాళ్లయితే తప్పిపోయిన వ్యక్తిగా ఎఫ్ఐఆర్ రాసి కుటుంబాన్ని వెతకాలి. పోలీసు స్టేషన్లో ఈ సెక్షన్ పేరు చెప్పి అడగండి. ఎవరూ లేని పెద్దవాళ్ల కోసం 14567 ఎల్డర్ లైన్‌కి ఫోన్ చేయొచ్చు.

విజీనగరం_యువత:
అందరికీ థ్యాంక్స్. గంటస్తంభం అన్నా, ప్రార్థన చేయించడం లేదు, చేయించం కూడా. మదర్ తెరెసా సిస్టర్లు సన్యాసినులు తీసుకునే మామూలు మూడు మాటపట్టులతో (వ్రతాలతో) పాటు నిరుపేదలకి ఉచితంగా మనస్ఫూర్తిగా సేవ చేస్తామని నాలుగోది కూడా తీసుకుంటారు, అందులో ఎదుటివాళ్ల మతం ఊసే లేదు. మేం ప్రార్థన చేసుకునేది పొట్లాలు కట్టేటప్పుడు, మాలో మేం.

నిన్న పూజ అయ్యాక ఫాదర్ గారితో కూర్చున్నాం. పోప్ ఫ్రాన్సిస్ 2015లో వాటికన్లో సెయింట్ పీటర్స్ స్క్వేర్ పక్కన ఇళ్లు లేనివాళ్ల కోసం షవర్లు, క్షురకుడిని పెట్టించారని చెప్పి, మన హాలు వెనక రెండు బాత్రూములున్నాయిగా అన్నారు ఆయనే. బుధవారం, శనివారం పొద్దున్న తెరుస్తాం, సామాన్లు పెట్టుకోవడానికి తాళం ఉన్న బీరువా కూడా ఒకటి దొరికింది. సబ్బులు, ఆడవాళ్లకి నైటీలు సిస్టర్లు చూస్తామన్నారు. అటెండెంట్ వంతుల లిస్టు మరియదళం వాళ్లు రాస్తున్నారు, మగవాళ్ల పేర్లు ఇంకా తక్కువే ఉన్నాయి.

మెప్మా ఆఫీసుకి సోమవారం వెళ్దామనుకుంటున్నాం. గంటస్తంభం అన్నా, అర్జీ ఎలా రాయాలో మాకు సరిగా తెలీదు, మీరు తోడొస్తే బాగుంటుంది. ఎన్నింటికి కుదురుతుందో మెసేజ్ పెట్టండి.