రెండు పొయ్యిల ఇండక్షన్ స్టవ్‌కి విడిగా లైను లాగించాలా?

నమస్కారమండి. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. అమ్మకి గ్యాస్ బండ మార్చడం కష్టమవుతోందని రెండు పొయ్యిల ఇండక్షన్ స్టవ్ కొన్నాం. వెనక స్టిక్కర్ మీద 230 వోల్టులు, 3500 వాట్లు అని ఉంది. లెక్క వేస్తే 15 ఆంపియర్లు దాటుతోంది. ప్లగ్ లేదు, మూడు వైర్లు వదిలేసి ఉన్నాయి.

ఎలక్ట్రీషియన్ వచ్చి, "ఫ్రిజ్ లైన్లోంచి లాగేద్దామండి, ఏమీ కాదు" అన్నాడు. నాకు మనసొప్పలేదు. ఆ ఫ్రిజ్ ప్లగ్ పీకి చూస్తే సాకెట్ రంధ్రాల చుట్టూ ప్లాస్టిక్ మాడి గోధుమ రంగుకి తిరిగింది.

అసలు భయం ఎర్తింగ్ గురించి. పోయిన వానాకాలం తడి చేత్తో గ్రైండర్ ముట్టుకుంటే అమ్మకి చెయ్యి జివ్వుమంది. పెరట్లో చూస్తే, కొబ్బరి చెట్టు పక్కన ఎర్త్ పైపుకి కట్టిన తీగ తుప్పు పట్టి, పట్టుకోగానే విరిగి చేతికొచ్చింది. పైగా మా గోడలు కార్తీకం దాకా చెమ్మగానే ఉంటాయి.

మెయిన్ బోర్డు నుంచి విడిగా 4 స్క్వేర్ ఎంఎం రాగి వైరు, 20 ఆంపియర్ల ఎమ్‌సీబీ (లోడు ఎక్కువైతే కరెంటు ఆపేసే స్విచ్) సరిపోతాయా? 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేసే స్విచ్) పెట్టినా కొత్త ఎర్త్ గొయ్యి తప్పదనే నా ఆలోచన, నిజమేనా? మా నేలకి జీఐ (జింకు పూత ఇనుప) పైపు మేలా, రాగి పూత రాడ్డా? మీటరు సింగిల్ ఫేజ్, మంజూరైన లోడు 2 కిలోవాట్లే. ముందు అది పెంచమని అర్జీ పెట్టాలా?

తెలిసినవాళ్ళు దయచేసి చెప్పండి. అప్పటిదాకా స్టవ్‌ని మళ్ళీ అట్టపెట్టెలోనే ఉంచుతాను.