సుద్ద నేలలో అంటు బత్తాయి పసుపెక్కితే తప్పు వేరు మొక్కదా, పోషకాలదా?

ఉదయగిరి బత్తాయి రైతు:
మా నాలుగేళ్ల తోటలో చిగురాకులు ఈనెల వెంబడి మాత్రమే పచ్చగా ఉండి, మిగతా భాగమంతా పసుపుగా వస్తున్నాయి. ఆకులు పరీక్ష చేయిస్తే ఇనుము సరిపడా ఉందని కాగితం ఇచ్చారు. కనుక ఇది పోషక లోపం కాదనీ, అంటుకు కింద వేరునిచ్చే మొక్కే, అంటే వేరు మొక్కే కారణమనీ నా అభిప్రాయం. కాదనేవారు ఆధారంతో చెప్పాలని కోరుతున్నాను.

కలిగిరి అంటు మొక్కలవారు:
రైతు గారూ, మన వైపు బత్తాయికి అంటు కట్టేది జంబేరి నిమ్మ మీదో, రంగపూర్ నిమ్మ మీదో. సున్నపు నేలలో నిలవలేనిది మూడాకుల నారింజ అనే మరో వేరు మొక్క. ఈ రెండూ దానికంటే బాగా తట్టుకుంటాయి. వేరును నిందించే ముందు అన్నభేది (ఇనుప సల్ఫేటు) పిచికారీ చేసి చూడండి.

పొదలకూరు తోటల రైతు:
ఆ కాగితాన్ని నమ్మడం దగ్గరే పొరపాటు జరిగిందని గట్టిగా చెప్పదలిచాను. సున్నపు నేలల్లో పసుపెక్కిన ఆకులో మొత్తం ఇనుము పచ్చని ఆకులో ఉన్నంతా ఉండవచ్చు, ఒక్కోసారి ఎక్కువే ఉండవచ్చు. ఎందుకంటే ఆకు ఎదగక చిన్నదిగా ఉండిపోతుంది, ఉన్న ఇనుములో చాలా భాగం పనికిరాని రూపంలో పడి ఉంటుంది. అందుకే 1980లో కత్యాల్, శర్మ అనే శాస్త్రవేత్తలు తాజా ఆకు నుంచి ఫెర్రస్ ఇనుమును, అంటే ఆకుకు పనికొచ్చే చురుకైన ఇనుమును మాత్రమే ఆర్థోఫినాంత్రోలిన్ అనే రసాయనంతో రాబట్టి కొలిచే పద్ధతిని చూపారు. ఎంజైముల సాక్ష్యమూ ఇదే. కాటలేజు, పెరాక్సిడేజు పనిచేయాలంటే ఇనుము కావాలి. చురుకైన ఇనుము తగ్గిన ఆకులో వాటి పని పడిపోతుంది, మొత్తం ఇనుము అంకె మాత్రం ఆ సంగతి చెప్పదు.

వేరు మీద రైతు గారి అనుమానం అర్థం లేనిది కాదు. నేలలోని ఫెర్రిక్ ఇనుమును ఫెర్రస్‌గా మార్చే రిడక్టేజు ఎంజైము ఉండేది వేరు పైపొరలో, అంటు మొక్కలో ఆ వేరు బత్తాయిది కాదు. అయితే నేల ఉదజని సూచిక (pH) 8 దాటి, బావి నీటిలో బైకార్బొనేటు ఎక్కువైనప్పుడు, తట్టుకునే వేరులో కూడా ఆ ఎంజైము మందగిస్తుంది. పాదుల్లో తడి ఆరనివ్వకపోతే ఇంకా ఎక్కువగా. పిచికారీ తడిపిన ఆకునే బాగుచేస్తుంది, ఎందుకంటే ముదురాకు నుంచి చిగురుకు ఇనుము సరిగా కదలదు.

ఒక్క ఆకు మీద తేల్చుకోవచ్చు. లీటరు నీటిలో 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) కలపండి. నిమ్మ ఉప్పు లేకపోతే ఆ నీళ్లు త్వరగా తుప్పు రంగుకు తిరుగుతాయి. పసుపు ఆకులో ఈనెకు ఒక పక్కనే దూదితో పూసి, పది రోజులు ఆగండి.

ఉదయగిరి బత్తాయి రైతు:
పూసి చూశాను. దూది ఆనిన చోటల్లా పచ్చని మచ్చలు వచ్చాయి, ఈనెకు అవతలి సగం పసుపుగానే ఉంది. మీరు చెప్పిన బైకార్బొనేటు మా నీటిలో ఉందనడానికి గుర్తుగా, డ్రిప్పు రంధ్రాల చుట్టూ తెల్లని సుద్ద పేరుకోవడం కూడా ఇప్పుడే గమనించాను. ఇనుము లోపమేనని ఒప్పుకుంటున్నాను. అయినా వేరు మొక్క పేరు రాయకుండా అంటు అమ్మడం తగదన్న మాట మీదే ఉన్నాను.

కలిగిరి అంటు మొక్కలవారు:
ఆ మాట న్యాయమైనది. ఇకపై మా బిళ్ల మీద రాస్తాము. మీ నేలలో ఇడిటిఎ (EDTA) అనే రసాయనంతో బంధించిన ఇనుము పోయకండి, అది అంత సుద్దలో నిలవదు. ఇడిడిహెచ్ఎ (EDDHA)తో బంధించిన ఇనుము ఖరీదైనదే, కానీ ఉదజని సూచిక 9 వరకు విడిపోదు.